31 వరకు అంటే 31 కలుస్తుందా?
(డేటాబేస్‌లో టైమ్‌స్టాంపులను పోల్చడం, ఆ పోలికను పరీక్షించడం: 11, 12 తరగతుల విద్యార్థులకు)

మన తెలుగు విభాగంలో కవితలు, కథలు, పండుగల మీద వ్యాసాలు ఎక్కువగా వస్తుంటాయి. ఈసారి కంప్యూటర్ గదిలో జరిగే ఒక పనిని తీసుకున్నాం. ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్ తీసుకున్న పిల్లలు మైఎస్‌క్యూఎల్‌లో నౌ, డేట్, మంత్, ఇయర్, డేనేమ్ వంటి ఫంక్షన్లను ఎలాగూ నేర్చుకుంటారు. వాటిని నేర్పడానికి ఆ సబ్జెక్టు ఉపాధ్యాయులు ఉన్నారు. అయితే తేదీలను పోల్చేటప్పుడు వచ్చే పొరపాట్లలో చాలావాటికి మూలం కంప్యూటర్‌లో ఉండదు, మాటలో ఉంటుంది. నుంచి, వరకు, లోపు, తర్వాత అనే చిన్న చిన్న మాటల్లో ఉంటుంది. మాటల సంగతి కాబట్టి మేము కల్పించుకుంటున్నాం.

ఒక మనవి. ఈ విభాగం మర్యాద ప్రకారం ఆజ్ఞలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాం. తెరమీద మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు టైమ్‌స్టాంప్ అంటే ఏమిటో చూద్దాం. పోస్టాఫీసులో ఉత్తరం మీద గుండ్రంగా నల్లముద్ర వేస్తారు కదా, అందులో ఊరి పేరు, తేదీ ఉంటాయి. ఉత్తరం ఎప్పుడు చేతికొచ్చిందో ఆ ముద్ర సాక్ష్యం చెబుతుంది. డేటాబేస్‌లో ఒక వరుస చేరినప్పుడు దాని పక్కన పడే తేదీ, గంట, నిమిషం, సెకను కూడా అలాంటి ముద్రే. తేడా అల్లా ఒకటే. పోస్టాఫీసు ముద్రను మనిషి చూసి అర్థం చేసుకుంటాడు. ఈ ముద్రను యంత్రం మరో ముద్రతో పోల్చి చిన్నదా, పెద్దదా, సమానమా అని మాత్రమే చెబుతుంది.

ఒక పట్టిక తయారుచేద్దాం. పేరు 'వ్యాసాలు'. పాఠశాల వ్యాసరచన పోటీకి ఆన్‌లైన్‌లో అందిన వ్యాసాలు అందులో చేరతాయి. నోటీసులో ఇలా ఉంది: వ్యాసాలు 2024 ఆగస్టు 1 నుంచి 31 వరకు స్వీకరించబడును. 'అందిన_సమయం' అనే నిలువు వరుస డేట్‌టైమ్ రకం. పరీక్ష కోసం మనమే ఎనిమిది వరుసలు ఎక్కిద్దాం.

1వ వ్యాసం: 2024-07-31 23:59:59
2వ వ్యాసం: 2024-08-01 00:00:00
3వ వ్యాసం: 2024-08-15 11:20:00
4వ వ్యాసం: 2024-08-31 00:00:00
5వ వ్యాసం: 2024-08-31 16:20:00
6వ వ్యాసం: 2024-08-31 23:59:59
7వ వ్యాసం: 2024-09-01 00:00:00
8వ వ్యాసం: నల్ (సమయం నమోదు కాలేదు)

క్వెరీ రాయకముందే ఒక పని చెయ్యాలి. నోటుపుస్తకంలో పెన్సిలుతో జవాబు రాసి పెట్టుకోవాలి. నోటీసు ప్రకారం ఏ వ్యాసాలు గడువులో అందాయి? 2, 3, 4, 5, 6. మొత్తం అయిదు. ఈ వరస తారుమారు కాకూడదు. ముందు క్వెరీ నడిపి, వచ్చిన జవాబును చూసి 'ఆ, ఇది సరిగానే ఉంది' అనుకుంటే అది పరీక్ష కాదు. జవాబుపత్రం చూసి లెక్క రాయడం వంటిదే.

ఇప్పుడు తరగతిలో పదిమందిలో తొమ్మిదిమంది రాసే క్వెరీ ఇదిగో:

సెలెక్ట్ * ఫ్రమ్ వ్యాసాలు
వేర్ అందిన_సమయం బిట్వీన్ '2024-08-01' అండ్ '2024-08-31';

చదవడానికి నోటీసులాగే ఉంది. నడిపితే వచ్చేవి 2, 3, 4. మూడే! 5, 6 ఏమయ్యాయి?

బిట్వీన్ రెండు కొసలనూ కలుపుకుంటుందని పాఠంలో చదివారు. అది నిజమే. మరి 31 ఎందుకు కలవలేదు? నిజానికి కలిసింది. 4వ వ్యాసం వచ్చిందిగా. అసలు సంగతి ఏమిటంటే, గంటలు లేకుండా '2024-08-31' అని రాస్తే మైఎస్‌క్యూఎల్ దాన్ని '2024-08-31 00:00:00' అని తీసుకుంటుంది. అంటే 30వ తేదీ అర్ధరాత్రి దాటి 31 పుట్టిన మొదటి క్షణం. ఆ ఒక్క క్షణం వరకే క్వెరీ కలుపుకుంది. ఆ తర్వాత మిగిలిన రోజంతా, ఒక్క సెకను తక్కువ ఇరవైనాలుగు గంటలు, గడువు దాటినట్టే లెక్క. ఎర్ర అక్షరాల్లో తప్పు చూపదు, హెచ్చరిక రాదు. మూడు వరుసలు చక్కగా ముద్రించి ఊరుకుంటుంది.

పైగా పిల్లల సంగతి మనకు తెలుసు. నెల రోజులు గడువిస్తే ఎక్కువమంది చివరిరోజే పంపుతారు. అంటే ఈ క్వెరీ సరిగ్గా ఎక్కువమంది ఉన్నచోటే కోత పెడుతుంది.

5వ వ్యాసానికి 16:20 అని సమయం పెట్టడానికి కారణం ఉంది. మేము లోగడ పనిచేసిన ఒక చోట ఇలాంటి పోటీకే ఎనిమిదో తరగతి అమ్మాయి చివరిరోజు సాయంత్రం నాలుగూ ఇరవైకి వ్యాసం పంపింది. వాళ్ల నాన్నగారికి బదిలీ అయి, సామాను సర్దుకుని, కొత్త క్వార్టర్‌లో ఇంటర్నెట్ వచ్చేసరికి చివరిరోజే అయింది. జాబితా వచ్చింది, ఆమె పేరు లేదు. అడిగితే 'జాబితాలో లేదంటే పంపలేదన్నమాట' అని జవాబు వచ్చింది. వాళ్ల అమ్మగారి ఫోన్‌లో మాత్రం 'మీ వ్యాసం అందింది' అన్న సందేశం తేదీ, సమయంతో సహా భద్రంగా ఉంది. అప్పుడు ఆరా తీస్తే తేలింది, ఆ రోజు పంపినవాళ్లలో ఒక్కరి పేరూ జాబితాలో లేదని. జాబితాను సరిచేశారు కానీ బహుమతులు అప్పటికే ప్రకటించేశారు. ఆ అమ్మాయి మా దగ్గరికొచ్చి అడిగిన ప్రశ్ననే ఈ వ్యాసానికి పేరుగా పెట్టాం. తెలుగు టీచరును అడగవలసిన ప్రశ్నే అది.

మన మాటలు, యంత్రం గుర్తులు

'31 వరకు' అన్నప్పుడు తెలుగులో 31 కలుస్తుంది. 'పదో తరగతి వరకు చదివాడు' అంటే పదో తరగతి చదివాడనే. 'ఊరి దాకా' అన్నా అంతే, ఊరు చేరినట్టే. '31 లోపు' అంటే? తరగతిలో అడిగి చూడండి, సగంమంది 31 కలుస్తుందంటారు, సగంమంది కలవదంటారు. 'లోగా'తోనూ ఇదే తంటా. నోటీసు రాసేవాళ్లు ఈ రెండు మాటలనూ తేదీల పక్కన వాడకపోవడం మంచిదని మా అభిప్రాయం. '31కి ముందు' అంటే ఎవరికీ అనుమానం లేదు, 31 కలవదు.

'తర్వాత' సంగతి చూడండి. 'ఒకటో తారీకు తర్వాత రండి' అంటే మనకు రెండో తారీకు, ఆపైన. దాన్ని అలాగే గుర్తులోకి మార్చి, అందిన_సమయం > '2024-08-01' అని రాశామనుకోండి. యంత్రానికి ఒకటో తారీకు అర్ధరాత్రి దాటి ఒక్క సెకను గడిచినా అది 'తర్వాత'యే. ఒకటో తారీకు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అన్నీ లోపలికి వచ్చేస్తాయి. మన మాటకు సరైన రూపం >= '2024-08-02'.

ఎందుకిలా? మనకు రోజు అంటే ఒక వ్యవధి. తెల్లవారడం, మధ్యాహ్నం, పొద్దుగూకడం అన్నీ ఉన్న ఒక నిడివి. డేట్‌టైమ్ నిలువు వరుసలో రోజు అనేదే లేదు, క్షణాలే ఉన్నాయి. నిడివి గల వస్తువు పేరు చెప్పి క్షణంతో పోల్చమంటే యంత్రం ఆ నిడివి తాలూకు మొదటి కొసను పట్టుకుంటుంది. మొదటి కొస కావలసినచోట ('నుంచి') పని సరిగా జరుగుతుంది. చివరి కొస కావలసినచోట ('వరకు', 'తర్వాత') దెబ్బతింటుంది. అందుకే ఇటువంటి క్వెరీలు సగం సరిగా, సగం తప్పుగా ఉండి నమ్మకంగా కనిపిస్తాయి.

'31వ తేదీ రాత్రి 12 గంటల వరకు' అని రాసే నోటీసులు ఇంకో రకం. ఏ 12? 31 మొదలయ్యే అర్ధరాత్రా, ముగిసే అర్ధరాత్రా? బదిలీల మీద ఊళ్లు తిరిగే ఉద్యోగులకు ఈ చిక్కు రైలు టికెట్ల దగ్గర బాగా తెలుసు. 15వ తేదీ 00:10కి బయలుదేరే రైలుకు 14వ తేదీ రాత్రే స్టేషన్‌కు వెళ్లాలి. 15 రాత్రి భోంచేసి తీరిగ్గా వెళ్లినవాళ్లకు ఖాళీ ప్లాట్‌ఫారమే కనబడుతుంది.

మూడు మరమ్మతులు

పిల్లలు సాధారణంగా చేసే మొదటి మరమ్మతు చివరి సెకను రాయడం: బిట్వీన్ '2024-08-01 00:00:00' అండ్ '2024-08-31 23:59:59'. మన ఎనిమిది వరుసల మీద నడిపితే 2 నుంచి 6 దాకా అయిదూ వస్తాయి. పెన్సిలు జవాబుతో సరిపోయింది. అయిపోయిందా? లేదు. ఇక్కడే పరీక్ష రాసేవాళ్ల తెలివి కావాలి. క్వెరీ నెగ్గిందంటే క్వెరీ మంచిదైనా కావాలి, మనం పెట్టిన వరుసలు చాలకపోయినా కావాలి.

మైఎస్‌క్యూఎల్ 5.6.4 నుంచి సెకనులో పదిలక్షల వంతు దాకా సమయాన్ని దాచుకోవచ్చు. నిలువు వరుసను డేట్‌టైమ్(6) అని ప్రకటించి తొమ్మిదో వ్యాసం ఎక్కించండి: 2024-08-31 23:59:59.400000. ఇది ఆగస్టు 31నే అందింది, పెన్సిలు జవాబు ఇప్పుడు ఆరు. క్వెరీ మాత్రం అయిదే ఇస్తుంది, ఎందుకంటే 59.4 సెకన్లు 59 కంటే పెద్దవి. ఒక్క సెకనులో ఎవరు పంపుతారులే అనుకోవద్దు. గడువు ముగిసే క్షణంలో పంపండి బొత్తాం మీద ఎన్ని వేళ్లు ఉంటాయో మీకే బాగా తెలుసు.

దీనికి జోడుగా ఒక విచిత్రం ఉంది. నిలువు వరుస మామూలు డేట్‌టైమ్ అయితే, అంటే భిన్నాలను దాచుకోనిదైతే, మైఎస్‌క్యూఎల్ మామూలుగా భిన్నాన్ని కొట్టివేయదు, దగ్గరి సెకనుకు సవరిస్తుంది. 23:59:59.4 వస్తే 23:59:59 అవుతుంది. 23:59:59.6 వస్తే 2024-09-01 00:00:00 అయిపోతుంది! ఆగస్టులో రాసిన వ్యాసం పట్టికలో చేరేటప్పటికే సెప్టెంబరులోకి జారిపోయింది. ఇక ఎంత మంచి క్వెరీ రాసినా అది దొరకదు. పోలికను పరీక్షించేటప్పుడు అడిగే వైపునే కాదు, ఎక్కించే వైపును కూడా చూడాలన్నది ఇందుకే.

రెండో మరమ్మతు: వేర్ డేట్(అందిన_సమయం) బిట్వీన్ '2024-08-01' అండ్ '2024-08-31'. ఇది సరైన జవాబే ఇస్తుంది. డేట్ ఫంక్షన్ క్షణంలోంచి గంటలను తీసేసి రోజును మిగులుస్తుంది, అప్పుడు రోజును రోజుతో పోల్చినట్టవుతుంది. తొమ్మిది వరుసల పట్టికకు దీనితో ఏ ఇబ్బందీ లేదు. లక్షల వరుసలున్నప్పుడు చిక్కు వస్తుంది. అందిన_సమయం మీద ఇండెక్స్ కట్టి ఉన్నా, నిలువు వరుసను ఫంక్షన్‌లో చుట్టేశాక ఆ ఇండెక్స్ అక్కరకు రాదు, ప్రతి వరుసనూ తీసి లెక్కగట్టాలి. నిఘంటువులో 'మబ్బు' అన్న మాట వెతకడానికి 'మ' దగ్గరికి నేరుగా వెళతాం. 'మూడో అక్షరం ఫలానాది అయిన మాటలు' కావాలంటే మొదటి పేజీ నుంచి చదవక తప్పదు. అలాంటిదే ఇది.

మూడోది మాకు నచ్చినది:

వేర్ అందిన_సమయం >= '2024-08-01'
అండ్ అందిన_సమయం < '2024-09-01';

మొదటి కొస కలుస్తుంది, రెండో కొస కలవదు. గణితం తరగతిలో ఒకవైపు మూసి, ఒకవైపు తెరిచిన అంతరాలు చదివారు కదా, అదే. సెకనులో ఎన్నో వంతు దాచినా ఇబ్బంది లేదు. ఆగస్టుకు 31 రోజులా 30 రోజులా, ఈ ఏడు ఫిబ్రవరికి 29 ఉన్నాయా లేవా అన్న బెంగ కూడా లేదు, తర్వాతి నెల ఒకటో తారీకు తెలిస్తే చాలు.

మీ టైమ్‌టేబుల్ కూడా ఇలాగే నడుస్తుంది. ఒక పీరియడ్ 9:20 నుంచి 10:00, తర్వాతిది 10:00 నుంచి 10:40 అని రాసి ఉంటుంది. సరిగ్గా 10:00కి మీరు ఏ పీరియడ్‌లో ఉన్నారు? గంట కొట్టగానే రెండోదానిలో. రెండు పీరియడ్లలోనూ ఉన్నానని ఎవరూ అనరు, ఏ పీరియడ్‌లోనూ లేనని వరండాలో తిరిగేవాళ్ల సంగతి వేరు.

ఈ గుణం మీద ఆధారపడి ఒక గట్టి పరీక్ష రాయవచ్చు. జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలలకు మూడు క్వెరీలు రాసి లెక్కలు కూడండి. మొదటి ఎనిమిది వరుసలకు మూడో మరమ్మతుతో జులై 1, ఆగస్టు 5, సెప్టెంబరు 1, మొత్తం 7. సమయం లేని వరుస 1. కలిపితే 8, పట్టికతో సరి. అదే తేదీలతో బిట్వీన్ రాస్తే జులై 0, ఆగస్టు 3, సెప్టెంబరు 1. నాలుగే లెక్కకు వచ్చాయి, మూడు వ్యాసాలు ఏ నెలకూ చెందకుండా పోయాయి. కొందరు తెలివిగా బిట్వీన్ '2024-08-01' అండ్ '2024-09-01' అని రాస్తారు. అప్పుడు 7వ వ్యాసం ఆగస్టులోనూ వస్తుంది, సెప్టెంబరులోనూ వస్తుంది. ప్రతి వరుసా ఒక్క నెలలోనే, తప్పకుండా ఒక నెలలో, పడుతుందా అన్నదే ఈ పరీక్ష అడిగే ప్రశ్న. జీతాల లెక్కలైనా, ఫీజుల లెక్కలైనా, హాజరైనా ఇదొక్కటి నడిపితే చాలా దొంగలు దొరుకుతారు.

8వ వ్యాసం గురించి ఒక మాట. దాని సమయం నల్. గడువులో అందినవి అడిగితే రాదు. 'గడువులో అందనివి' అని నాట్ పెట్టి అడిగినా రాదు. నల్‌ను దేనితో పోల్చినా నిజమూ కాదు, అబద్ధమూ కాదు, తెలియదు అన్నదే జవాబు. కాబట్టి గడువులోవి 5, గడువు బయటివి 2, మొత్తం 7 అని నివేదిక పంపితే ఒక పిల్లవాడు రెండు జాబితాల మధ్య మాయమైపోతాడు. ఈజ్ నల్ అని విడిగా అడిగి ఆ వరుసను బయటికి తీయాలి. ఆ వ్యాసాన్ని ఏం చేయాలన్నది మనుషులు కూర్చుని తేల్చుకోవాలి.

గడియారం ఎవరిది?

భారత కాలమానం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆధారపడిందని భూగోళం పాఠంలో ఉంది. ఆ రేఖ ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గరా, మన ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ ప్రాంతం గుండానూ వెళుతుంది. ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ కన్నా మనం అయిదున్నర గంటలు ముందున్నాం. దేశమంతా ఒకే గడియారం. జూన్‌లో గువాహటిలో నాలుగున్నరకే తెల్లవారితే, భుజ్‌లో ఆరు దాటాక గానీ సూర్యుడు కనబడడు. అయినా రెండుచోట్లా చేతి గడియారాలు ఒకే సమయం చూపిస్తాయి. దీనివల్ల మన పిల్లలకు కాలమండలాల బాధ తెలియదు. సర్వర్‌కు తెలుసు.

చాలా సర్వర్లను యూటీసీలో నడుపుతారు. సెప్టెంబరు 1 తెల్లవారుజామున 3 గంటలకు మన దేశంలో ఒకరు వ్యాసం పంపితే, యూటీసీ లెక్కలో అది ఆగస్టు 31, 21:30. సమయాలు యూటీసీలో దాచి ఉన్న పట్టికను మన తేదీలతో అడిగితే, గడువు దాటిన ఆ వ్యాసం లోపలికి వస్తుంది. ఆగస్టు 1 తెల్లవారుజామున 3కి పంపినది (యూటీసీలో జులై 31, 21:30) బయటికి పోతుంది. అక్కడ సరైన హద్దులు >= '2024-07-31 18:30:00', < '2024-08-31 18:30:00'. కాబట్టి పరీక్ష వరుసల్లో ఉదయం అయిదున్నర లోపు సమయాలు తప్పనిసరిగా ఉండాలి. పగటిపూట సమయాలే పెడితే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు.

మైఎస్‌క్యూఎల్‌లో డేట్‌టైమ్, టైమ్‌స్టాంప్ అని రెండు రకాలు ఉండడానికి కారణం కూడా ఇదే. డేట్‌టైమ్‌కు ఏ అంకెలిస్తే అవే దాచుకుంటుంది. టైమ్‌స్టాంప్ రకం మన కాలమండలం నుంచి యూటీసీకి మార్చి దాచుకుని, అడిగినప్పుడు అడిగేవారి కాలమండలానికి మార్చి ఇస్తుంది. టైమ్‌స్టాంప్‌కు ఒక హద్దు ఉంది. అది 1970 మొదలుకొని 2038 జనవరి 19, యూటీసీ 03:14:07 వరకే. మన గడియారంలో ఆ ఉదయం 8:44:07, అది మంగళవారం. ఇప్పుడు పదకొండో తరగతిలో ఉన్నవాళ్లు అప్పటికి ఉద్యోగాల్లో ఉంటారు. డేట్‌టైమ్‌కైతే 9999 దాకా జాగా ఉంది. తాతగారి పుట్టినరోజు వంటివి టైమ్‌స్టాంప్‌లో పట్టవు, వాటికి డేట్ రకం చాలు.

కాఠ్‌మాండూలో కూడా కేంద్రీయ విద్యాలయం ఉంది. నేపాల్ గడియారం మనకన్నా పావుగంట ముందు, యూటీసీకి 5:45. అక్కడి విద్యార్థి సెప్టెంబరు 1, 00:10కి వ్యాసం పంపితే ఢిల్లీలో ఇంకా ఆగస్టు 31, 23:55. గడువులో ఉన్నట్టా, దాటినట్టా? దీనికి జవాబు డేటాబేస్ చెప్పలేదు. 'భారత కాలమానం ప్రకారం' అన్న మూడు మాటలు నోటీసులో ఉంటే ఉన్నట్టే. లేకపోతే వాదన మొదలవుతుంది.

అమెరికాలో బంధువులున్నవాళ్లు అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారాలు మారుస్తారని వినే ఉంటారు. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారాన్ని 1కి వెనక్కి తిప్పుతారు. 2024లో అది నవంబరు 3. ఆ రాత్రి 1:50 తర్వాత మళ్లీ 1:10 వస్తుంది. స్థానిక సమయాన్ని దాచి వరసలో పేర్చితే, తర్వాత జరిగినది ముందు జరిగినట్టు కనబడుతుంది. యూటీసీలో దాస్తే ఈ గొడవ లేదు.

అక్షరాలుగా దాచిన తేదీలు

కొన్నిచోట్ల తేదీని వార్‌చార్ రకంలో, మనం రోజూ రాసే పద్ధతిలో '31-08-2024' అని దాస్తారు. అప్పుడు పోలిక కాలక్రమంలో జరగదు, అక్షరక్రమంలో జరుగుతుంది. నిఘంటువులో అకారాది క్రమం ఎలాగో అలాగ ఎడమ నుంచి ఒక్కో అక్షరం చూసుకుంటూ పోతుంది. '05-09-2024'లో మొదటి అక్షరం 0, '31-08-2024'లో మొదటిది 3. కాబట్టి సెప్టెంబరు 5 ఆగస్టు 31కన్నా ముందు! ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే అక్షరక్రమమూ కాలక్రమమూ ఒకటే అవుతాయి. అదీ సున్నాలు వదలకుండా రాస్తేనే. '2024-9-1' అని రాస్తే అక్షరక్రమంలో అది '2024-10-1' కన్నా తర్వాత వస్తుంది. పరీక్షకు పెట్టే తేదీలన్నీ ఒకే నెలలోవైతే ఈ తప్పు కనబడదు. నెల మారే చోట, తొమ్మిదో నెల పదో నెల అయ్యే చోట, ఏడాది మారే చోట ఒక్కో జత పెట్టండి.

ఇక నౌ ఫంక్షన్. 'గత ఏడు రోజుల్లో అందినవి' అని అందిన_సమయం >= నౌ() - ఇంటర్వెల్ 7 డే అని రాస్తారు. పోయిన సోమవారం 9 గంటలకు అందిన వ్యాసం, ఈ సోమవారం ఎనిమిదిన్నరకు నడిపితే వస్తుంది, పది గంటలకు నడిపితే రాదు. రెండు పీరియడ్లలో ఇద్దరు విద్యార్థులు ఒకే క్వెరీ నడిపి వేర్వేరు జవాబులు తెచ్చి పోట్లాడుకుంటే ఇద్దరూ సరైనవాళ్లే. రోజుల లెక్కే కావాలంటే నౌకు బదులు కర్‌డేట్ వాడాలి, అప్పుడు హద్దు అర్ధరాత్రి దగ్గర నిలుస్తుంది. పరీక్షించేటప్పుడు గడియారాన్ని ఒకచోట నిలబెట్టడానికి మైఎస్‌క్యూఎల్‌లో ఒక సదుపాయం ఉంది: సెట్ టైమ్‌స్టాంప్ = యూనిక్స్_టైమ్‌స్టాంప్('2024-09-01 00:00:00'); అని ఇస్తే ఆ సెషన్‌లో నౌ ఎప్పుడు అడిగినా అదే సమయం చెబుతుంది. పని అయ్యాక సెట్ టైమ్‌స్టాంప్ = డిఫాల్ట్; అని మళ్లీ వదిలిపెట్టాలి. గడియారాన్ని అర్ధరాత్రికి ఒక సెకను ముందు, సరిగ్గా అర్ధరాత్రి, ఒక సెకను తర్వాత నిలబెట్టి మూడుసార్లు నడపండి.

అభ్యాసం

ఒకటి. పై ఎనిమిది వరుసల పట్టికను తయారుచేసి, 'ఆగస్టు 15 తర్వాత అందిన వ్యాసాలు' అన్న వాక్యానికి క్వెరీ రాయండి. 3వ వ్యాసం రాకూడదు. వస్తే ఎందుకు వచ్చిందో తెలుగులో రెండు వాక్యాల్లో రాయండి.

రెండు. సెలెక్ట్ '2024-01-31' + ఇంటర్వెల్ 1 మంత్. నడిపితే 2024-02-29 వస్తుంది. 2023, 1900, 2000 సంవత్సరాలకు ఏం వస్తుందో ముందు పెన్సిలుతో రాసి తర్వాత నడపండి.

మూడు. ల్యాబ్‌ను వాడుకునే వేళల పట్టికలో మొదలు, ముగింపు అని రెండు నిలువు వరుసలున్నాయి. ఒక తరగతి 10:00 నుంచి 10:40, ఇంకొకటి 10:40 నుంచి 11:20 అడిగాయి. ఈ రెండూ ఢీకొన్నట్టు చూపని, 10:30 నుంచి 11:00 అడిగిన మూడో తరగతి మాత్రం రెండింటితోనూ ఢీకొన్నట్టు చూపే క్వెరీ రాయండి. ఒకటి మొదలయ్యేది రెండోది ముగియకముందే, రెండోది మొదలయ్యేది మొదటిది ముగియకముందే అన్న రెండు పోలికలు చాలు. గుర్తు < కావాలా, <= కావాలా అన్నదే ప్రశ్న.

నాలుగు. ఇది కొంచెం కష్టం, తొందరపడనక్కర్లేదు. పంచాంగంలో రోజు అర్ధరాత్రికి మారదు, సూర్యోదయంతో మొదలవుతుంది. తిథి మారే సమయం ఏ పగలో ఏ రాత్రో ఎప్పుడైనా కావచ్చు. ఇంట్లో ఉన్న పంచాంగం తీసుకుని ఒక పక్షంలోని తిథులకు మొదలు, ముగింపు సమయాలతో పట్టిక కట్టండి. ఒక క్షణం ఇస్తే ఆ క్షణానికి ఉన్న తిథిని, ఒక తేదీ, ఒక ఊరి సూర్యోదయ సమయం ఇస్తే ఆ ఉదయానికి ఉన్న తిథిని చెప్పే రెండు క్వెరీలు రాయండి. తిథి సరిగ్గా సూర్యోదయ క్షణానికే మారేటట్టు ఒక పరీక్ష వరుసను మీరే కల్పించండి. ఆ ఉదయానికి ఏ తిథి చెప్పాలో క్వెరీ రాయకముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల జవాబును నోటుపుస్తకంలో రాసుకుని రండి.